గతి తప్పిన చక్రం

తిండిగింజల కరవు తీర్చిన యూరియానే ఇప్పుడు భూసారాన్నీ, బావినీటినీ, సముద్రాన్నీ దెబ్బతీస్తోంది. వాడకం తగ్గాలని అందరూ అంటారు. బస్తా ధర ముట్టుకోవడానికి మాత్రం ఎవరూ సాహసించరు

2025 ఆగస్టులో తెలంగాణలోని అనేక సహకార సంఘాల ముందు మనుషులకు బదులు చెప్పులు బారులు తీరాయి. తెల్లవారకముందే వచ్చిన రైతులు నిలబడి నిలబడి కాళ్లు పీకడంతో తమ వంతు పోకుండా చెప్పుల్ని, పట్టాదారు పాసుపుస్తకాల్ని వరుసలో పెట్టి నీడపట్టుకు చేరారు. వాళ్లు ఎదురుచూస్తున్నది 45 కిలోల యూరియా బస్తా కోసం. ధర రూ. 266.50. అందులో ఉండే నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువ.

విచిత్రమేమంటే, ఆ రైతు పొలంలో ఒక్క ఎకరం మీద ఉన్న గాలిలోనే 30 వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. అది కాణీ ఖర్చు లేనిది, తరగనిది. కానీ వరిమొక్కకు అందులో రవ్వంత కూడా నేరుగా అందదు. 21 కిలోల కోసం రోజంతా పడిగాపులు కాయడానికి మూలం అదే. యూరియా దిగుమతులు తగ్గడం, చైనా ఎగుమతులను కట్టడి చేయడం, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి ఆగుతూ సాగడం వల్ల ఆ ఖరీఫ్‌లో కొరత వచ్చింది. తప్పు మీదంటే మీదని కేంద్రం, రాష్ట్రం వాదులాడుకున్నాయి. అసలు ప్రశ్న మాత్రం ఆ వాదనలో మరుగున పడింది. ఏటా 350 లక్షల టన్నులకు పైగా యూరియా చల్లుతున్న దేశంలో నేల ఇంకా ఇంకా ఎందుకు అడుగుతోంది? చల్లినదంతా ఎక్కడికి పోతోంది?

గాలి నుంచి గింజకు

గాలిలో 78 శాతం నత్రజనే. అయితే అందులో రెండేసి పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పే శక్తి మొక్కలకు లేదు. ప్రకృతిలో ఆ పని చేసేవి ప్రధానంగా రెండు: పిడుగులు, కొన్ని రకాల బాక్టీరియా. కంది, పెసర, మినుము, వేరుశనగ వేళ్ల మీద కనిపించే బుడిపెల్లో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క తీసుకోగలిగే రూపంలోకి మారుస్తుంది. అందుకు ప్రతిఫలంగా మొక్క దానికి పిండిపదార్థాలు అందిస్తుంది.

అలా నేలలో చేరిన నత్రజని మొక్కకు, మొక్క నుంచి పశువుకు, మనిషికి, మళ్లీ పేడ, మూత్రం, రాలిన ఆకు, కుళ్లిన కళేబరం రూపంలో నేలకు చేరుతుంది. చివరకు మరో రకం బాక్టీరియా దాన్ని తిరిగి గాలిలోకి వదులుతుంది. భాస్వరం, పొటాష్, గంధకం, జింకులకు కూడా ఇలాంటి రాకపోకలే ఉన్నాయి. కాకపోతే దారులు వేరు. రాతి నుంచి పుట్టే భాస్వరానికి గాలిలో నిల్వ లేదు. అది ఒకసారి ఏటిలో కొట్టుకుపోయి సముద్రం అడుగున చేరితే మళ్లీ నేలగా పైకి రావడానికి లక్షల ఏళ్లు పడుతుంది.

తెలుగు పల్లెల్లో రైతులకు ఈ లెక్క పుస్తకాలు లేకుండానే తెలుసు. పశువుల పెంటను ఏడాదంతా కుప్పపోసి తొలకరికి ముందు పొలానికి తోలేవారు. గొర్రెల కాపరులకు ధాన్యమో డబ్బో ఇచ్చి రాత్రిళ్లు చేలో మంద కట్టించేవారు. వరికి ముందు జనుము, జీలుగ చల్లి పూత దశలో కలియదున్నేవారు. ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని బళ్లపై పొలాలకు చేర్చేవారు. నేల నుంచి తీసింది నేలకే ఇవ్వడం అందులోని సూత్రం. దాని పరిమితి కూడా స్పష్టమే. ఆ పద్ధతిలో పండిన పంట 1950ల నాటి జనాభాకే చాలలేదు.

ఆ పరిమితిని దాటించింది జర్మనీ. గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారు చేయవచ్చని ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపించారు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తీసుకెళ్లారు. 1913లో ఓపా పట్టణంలో ఉత్పత్తి మొదలైంది. ఈ రోజు ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో దాదాపు ఒకరి తిండి ఆ పద్ధతి పుణ్యమేనని అంచనా. భారత్‌లో ప్రభుత్వ రంగంలో తొలి భారీ ఎరువుల కర్మాగారం సింద్రీలో 1951లో ఉత్పత్తి ప్రారంభించింది. అప్పట్లో దేశం మొత్తం వాడిన రసాయనిక పోషకాలు సుమారు 70 వేల టన్నులు మాత్రమే. ఆ తర్వాత పొట్టి రకాల గోధుమ, వరి వచ్చాయి. ఎరువు ఎంత వేసినా పడిపోకుండా గింజ పట్టడం వాటి ప్రత్యేకత. 1950-51లో 5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి 2023-24 నాటికి 33 కోట్ల టన్నులు దాటింది. అమెరికా గోధుమల ఓడ కోసం ఎదురుచూసిన దేశం బియ్యం ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. యూరియాను తిట్టిపోసేవారు ముందుగా ఒప్పుకోవలసిన వాస్తవమిది.

ధర చేసిన గారడీ

చక్రం గతి తప్పింది ప్రయోగశాలలో కాదు, ఢిల్లీలోని విధాన నిర్ణయాల్లో. 1977లో కేంద్రం ఎరువుల కంపెనీలకు ఉత్పత్తి ఖర్చు చెల్లించి రైతుకు తక్కువ ధరకు ఇప్పించే పద్ధతి ప్రవేశపెట్టింది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేసింది. యూరియా జోలికి మాత్రం పోలేదు. ఒక్కసారిగా డీఏపీ, పొటాష్ ధరలు ఎగబాకాయి. రైతు సహజంగానే చౌకగా దొరికే తెల్ల గుళికల వైపు మొగ్గాడు.

2010 ఏప్రిల్‌లో ఆ పొరపాటు సరిదిద్దే అవకాశం వచ్చింది. బస్తాకు కాకుండా అందులోని పోషకానికి సబ్సిడీ ఇచ్చే విధానం మొదలైంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం అన్నిటికీ లెక్క కట్టారు. అన్ని ఎరువులకూ వర్తించాల్సిన ఆ విధానం నుంచి యూరియాను మళ్లీ మినహాయించారు. ఫలితం 1992 నాటిదే. దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 4:2:1 నిష్పత్తిలో ఉండాలన్నది చాలాకాలంగా చెబుతున్న మాట. 2009-10లో అది 4.3:2:1కి వచ్చి దాదాపు సరిపోయింది. మూడేళ్లలో, 2012-13 నాటికి, 8.2:3.2:1కి దిగజారింది. 2023-24లో 10.9:4.4:1. నిజానికి 4:2:1 అన్నదే అన్ని నేలలకూ, అన్ని పంటలకూ చెల్లే సూత్రం కాదని శాస్త్రవేత్తలు అంటారు. కానీ దానికి ఇంత దూరంగా జరగడం ఏ నేలకూ మేలు కాదన్న దానిపై భిన్నాభిప్రాయం లేదు.

యూరియా బస్తా బరువును 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. బస్తాల లెక్కన చల్లే రైతు దానివల్లనైనా కొంత తగ్గిస్తాడని ఆశ. ధర మాత్రం దశాబ్దానికి పైగా కదల్లేదు. పక్కనే ఉన్న 50 కిలోల డీఏపీ బస్తా రూ. 1,350. తేడా భరిస్తున్నది ఖజానా. అంతర్జాతీయ ధరలు మండిన 2022-23లో ఎరువుల సబ్సిడీ రూ. 2.5 లక్షల కోట్లకు చేరింది. ఎన్నికల్లో గెలవాల్సిన ఏ ప్రభుత్వానికీ ఆ ధర పెంచే ధైర్యం లేదు. ఎందుకో అర్థం చేసుకోవడం కూడా కష్టం కాదు. పంటకు గిట్టుబాటు లేని రైతుకు ప్రభుత్వం నుంచి కచ్చితంగా అందే సాయం ఆ బస్తా ఒక్కటే.

పోయేదే ఎక్కువ

పొలంలో వేసిన నత్రజనిలో పంటకు దక్కేది మూడో వంతు నుంచి 40 శాతం దాకా మాత్రమే. వరి మడిలో నీటి మీద చల్లిన యూరియాలో కొంత గంటల్లో, రోజుల్లో అమ్మోనియాగా గాలిలోకి లేచిపోతుంది. కొంత నైట్రేట్‌గా మారి నీటితో కిందికి దిగుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా ఆకాశానికి చేరుతుంది. దారి ఏదైనా ప్రతి చోటా దానికో మూల్యం ఉంది.

మొదటి మూల్యం తాగునీటిలో. లీటరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాలు చెబుతాయి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో సుమారు ఐదో వంతు ఆ హద్దు దాటాయి. రాజస్థాన్, కర్ణాటకల్లో దాదాపు సగం నమూనాలది ఇదే పరిస్థితి. ఇందులో ఎరువుల వాటా ఎంతో, మరుగుదొడ్ల గుంతలు, పశువుల పెంట వాటా ఎంతో ఊరిని బట్టి మారుతుంది. నష్టం మాత్రం ఒకటే. ఆ నీటితో కలిపిన పాలు తాగిన పసికందుల రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది.

రెండోది గాలిలో. ఉపగ్రహాల్లో చూస్తే ప్రపంచంలోకెల్లా అమ్మోనియా దట్టంగా కనిపించే ప్రాంతం గంగా-సింధు మైదానమే. పొలాల నుంచి, పశువుల పాకల నుంచి లేచిన అమ్మోనియా వాహనాలు, కర్మాగారాల పొగతో కలిసి ఊపిరితిత్తుల్లో దిగే సన్నని ధూళిగా మారుతుంది. ఢిల్లీ చలికాలపు పొగమంచులో దాని పాత్ర తక్కువేమీ కాదు. ఇక నైట్రస్ ఆక్సైడ్ నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

మూడోది నీటివనరుల్లో. పొలానికి ఎరువైనది చెరువుకూ ఎరువే. నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. డెల్టా మురుగుకాల్వలు మోసుకొచ్చే ఎరువులు, పట్టణాల మురుగు, చేపల చెరువుల్లో వేసే మేత, కోళ్ల పెంట, ఎరువు అన్నీ చేరేది అక్కడికే. బయటికి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులో 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లను పేల్చేయించింది. గట్లు మళ్లీ లేచాయి, వివాదమూ ఆగలేదు. బెంగళూరులో బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో నురగలు కక్కి ఏకంగా మంటలే అంటుకుంది. అక్కడ దోషి పొలం కాదు, నగరం. శుద్ధి చేయని మురుగు, సబ్బు పొడులు.

అన్నిటికీ చివరి మజిలీ సముద్రం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్.డబ్ల్యూ.ఎ. నఖ్వీ బృందం భారత పశ్చిమ తీరంలో ఆక్సిజన్ లేని నీరు విస్తరిస్తోందని, అక్కడి నుంచి నైట్రస్ ఆక్సైడ్ భారీగా వెలువడుతోందని 2000లో 'నేచర్' పత్రికలో వెల్లడించింది. ఆ పరిస్థితి కొంతవరకు రుతుపవనాల వల్ల సహజంగా ఏర్పడేదే. దాన్ని తీవ్రం చేస్తున్నది నేల నుంచి చేరుతున్న నత్రజని కావచ్చని ఆ బృందం భావించింది.

తీసేదే గానీ ఇచ్చేది లేదు

ఒకవైపు నత్రజని పొర్లిపోతుంటే మరోవైపు మిగిలిన పోషకాలు హరించుకుపోతున్నాయి. నేల దివాళా తీస్తున్నది ఇక్కడే. ఉత్తరప్రదేశ్ తెరాయి ప్రాంతంలో వరి ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే అది తెగులేమో అనుకున్నారు. పంత్‌నగర్‌లో పనిచేసిన వై.ఎల్. నెనె 1966లో దాని గుట్టు విప్పారు. అది తెగులు కాదు, జింకు లోపం. భారతీయ నేలల్లో ఈ రోజు మూడో వంతుకు పైగా ఆ లోపంతో ఉన్నాయి. జింకు లేని నేలలో పండిన గింజలోనూ జింకు తక్కువే. ఆ అన్నం తినే పిల్లల ఎదుగుదలపై దాని ప్రభావం పడుతుంది.

పంజాబ్, హర్యానాల్లో ఏటా తగలబెట్టే గడ్డిదీ ఇదే కథ. టన్ను వరిగడ్డి కాలిస్తే దాదాపు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ దాకా నష్టమని వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క. భారత్‌లో వాడే పొటాష్ ఎరువు దాదాపు అంతా దిగుమతే. భాస్వరం రాయి కూడా ఎక్కువగా బయటి నుంచే రావాలి. ప్రపంచంలోని నిల్వల్లో 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి. ఓడల్లో తెచ్చుకున్న సరుకులో కొంత మంటల్లో, మిగిలింది మురుగులో పోతోంది. 2020-21లో దేశంలోని పట్టణాల నుంచి రోజుకు 7,200 కోట్ల లీటర్లకు పైగా మురుగు వెలువడితే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం అందులో సగం కూడా లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తేల్చింది. పొలం నుంచి గింజలో బయల్దేరిన పోషకం నగరం దాకా వెళుతుంది, తిరిగి పొలం ముఖం చూడదు.

మధ్యలో ఆపితే

మరి రసాయనిక ఎరువులను ఒక్క దెబ్బతో నిషేధిస్తే? శ్రీలంక ఆ ప్రయోగం చేసింది. విదేశీ మారకద్రవ్యం అడుగంటుతున్న వేళ అధ్యక్షుడు గోటబయ రాజపక్స ప్రభుత్వం 2021 వేసవిలో రసాయనిక ఎరువుల దిగుమతిని నిషేధించింది. దేశమంతా సేంద్రియ సాగుకు మారాలంది. కావలసినంత కంపోస్టు ఎక్కడిది, మారడానికి రైతుకు ఎన్నేళ్లు పడుతుంది అన్న ప్రశ్నలకు జవాబు లేదు. వరి దిగుబడి భారీగా పడిపోయింది, తేయాకు దెబ్బతింది. అదే ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేసినా ఆలస్యమైపోయింది. 2022 జూలైలో గోటబయ దేశం విడిచి వెళ్లి రాజీనామా చేశారు. ఆయన పతనానికి ఎరువు ఒక్కటే కారణం కాదు. కానీ దశాబ్దాలుగా రసాయనాలకు అలవాటుపడిన నేల ఒక్క సీజనులో కోలుకోదన్న పాఠం మాత్రం దక్షిణాసియా అంతటికీ అందింది.

బంగ్లాదేశ్ మరో దారి చూపింది. అక్కడ యూరియాను పెద్ద గుళికలుగా చేసి నాట్ల మధ్య బురదలోకి లోతుగా గుచ్చే పద్ధతిని ప్రచారం చేశారు. నీటి మీద చల్లడంతో పోలిస్తే మూడో వంతు దాకా యూరియా ఆదా అవుతుంది. కూలీల ఖర్చు పెరగడం దాని ఇబ్బంది.

భారత్‌లో ప్రయత్నాలకు కొదవలేదు. 2015లో యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నత్రజని నెమ్మదిగా విడుదల కావడం, పరిశ్రమలకు దారి మళ్లకపోవడం దాని ఉద్దేశం. అదే ఏడాది ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకం మొదలైంది. 2022 నాటికి యూరియా వాడకాన్ని సగానికి తగ్గించాలని ప్రధాని నరేంద్ర మోదీ 2017 నవంబరులో 'మన్ కీ బాత్'లో రైతులను కోరారు. వాడకం తగ్గకపోగా పెరిగింది. కార్డులో ఏమి రాసి ఉన్నా, కొట్టులో చౌకగా దొరికేది యూరియానే. 2021లో ఇఫ్కో తెచ్చిన సీసాలోని నానో యూరియా బస్తాకు ప్రత్యామ్నాయమన్న వాదనను పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాలు సమర్థించలేదు. దిగుబడి తగ్గినట్టు అందులో తేలింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. ఘనజీవామృతం, ఏడాది పొడవునా నేలను కప్పి ఉంచే పలు రకాల పైర్లు అందులో కీలకం. పెట్టుబడి తగ్గడం రైతులను ఆకట్టుకుంది. దేశమంతటికీ సరిపడా దిగుబడి దీనితో వస్తుందా అని జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 2019లోనే సందేహం వెలిబుచ్చింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువులు తవ్విన మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. చెరువులో మిగులైనది చేనులో లోటు తీర్చింది. పాత సూత్రమే, కొత్త వాహనం.

ఈ అంశాన్ని అంతర్జాతీయ వేదికల మీదికి తేవడంలో భారత్ పాత్ర ఉంది. నత్రజని నిర్వహణపై 2019 మార్చిలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో తీర్మానాన్ని ముందుకు తెచ్చింది భారతే. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన కొలంబో ప్రకటన 2030 నాటికి నత్రజని వృథాను సగానికి తగ్గించాలని పిలుపునిచ్చింది. గడువు దగ్గరపడింది. ఢిల్లీలోని గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ఆచార్యుడు నందుల రఘురామ్ వంటి శాస్త్రవేత్తలు తక్కువ నత్రజనితో ఎక్కువ పండే వరి రకాలపై పరిశోధనలు చేస్తున్నారు. అవి చేతికి వచ్చేదాకా ఉన్న దారులు పాతవే: పప్పుధాన్యాలతో పంటమార్పిడి, పచ్చిరొట్ట, అవసరమైనప్పుడు అవసరమైనంతే ఎరువు.

వీటికి అడ్డుగా ఉన్నవాటిలో ఒకదాని గురించి సబ్సిడీ చర్చల్లో ఎవరూ మాట్లాడరు. అది కౌలు. డెల్టాలో సాగు చేసేవారిలో అత్యధికులు కౌలుదారులే. పచ్చిరొట్ట చల్లినా, పెంట తోలినా నేల కోలుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి నేల మీద పెట్టుబడి పెట్టడు, ఈ పంట మీదే పెడతాడు. పది రోజుల్లో పైరును పచ్చబరిచే యూరియాను మించింది అతనికి లేదు. పైగా అతని పేరిట పాసుపుస్తకం ఉండదు. సంఘం ముందు వరుసలో పెట్టడానికి మిగిలేది చెప్పుల జతే.